పట్టకారు మీద బొట్టు

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నయం. తెలిసినవాళ్ళ ముందు నోరు విప్పగలిగితే ఇన్నేళ్ళు ఈ బరువు ఒక్కణ్ణే మోసేవాణ్ణి కాదు. ఉద్యోగం చేస్తూ మోశాను, పెళ్ళి చేసుకుని మోశాను, పిల్లల్ని భుజానెత్తుకుని మోశాను. నా భార్యకు కూడా తెలియదు. నేను ఉన్నట్టుండి మాట మానేస్తే పైత్యం చేసిందనుకుని ధనియాల కషాయం ఇస్తుంది. తాగేస్తాను. అది కూడా ఒక అబద్ధమే కదా?

ఒక అమ్మాయి చదువు నా వల్ల పాడైంది. ఆమె మోసం చేసిందని అందరూ అనుకుంటుంటే, చెయ్యలేదని తెలిసిన ఒకే ఒక్కణ్ణి నేను. నోరు మూసుకున్నాను. మూసుకోవడమే అయితే ఇంత బాధ ఉండేది కాదేమో. నోరు తెరిచాను కూడా. అక్కడికి వస్తాను, కాస్త ఓపిక పట్టండి.

మాది యానాం. ఎనభైల మొదట్లో పాండిచ్చేరి వచ్చి, లాస్‌పేటలో ఒక పరిశోధనశాలలో టెక్నీషియనుగా చేరాను. సంస్థ పేరు చెప్పను. మీరు ఊహించుకునే పేరు ఏదైనా అది కాదు. నాది టెంపరరీ పోస్టు. ఏటేటా డైరెక్టరు సంతకం పెడితేనే మరుసటి ఏడాది ఉంటుంది. డైరెక్టర్ని అందరం సారు అనేవాళ్ళం. మంచాయనే. కానీ ఎవరినీ పూర్తిగా నమ్మేవాడు కాదు, ఆయన దగ్గర ఉండి ఉండి ఆ గుణం నాకూ అంటుకుంది.

నేను చేరిన కొన్నాళ్ళకు విదేశం నుంచి చెక్కపెట్టెల్లో ఒక మిషను దిగింది. దాని సంగతి కాస్త చెప్పకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. పరీక్షించాల్సిన వస్తువును ఉల్లిపొర కన్నా పలచగా కోసి, కందిబద్దంత రాగి జల్లెడ మీద పరిచి, గాలి తీసేసిన అరలో పెట్టాలి. మైక్రోస్కోపులోంచి చూస్తూ ఎర్రటి వెలుగుచుక్కతో గురి కుదుర్చుకోవాలి. మీట నొక్కగానే లేజరు దెబ్బ పడుతుంది. ఆ చోట కంటికి ఆననంత చిన్న చిల్లు పడి, అక్కడున్న పదార్థం ఆవిరై, విద్యుత్తు పుంజుకున్న రేణువులుగా విడిపోయి పొడుగాటి గొట్టంలో పరుగెత్తుతుంది. తేలికవి ముందు చేరతాయి, బరువైనవి వెనక. ఏది ఎప్పుడు చేరిందో ఒక పెన్ను కాగితం మీద గీస్తూ పోతుంది. సోడియం ఒకచోట లేస్తుంది, పొటాషియం ఇంకాస్త అవతల. బాగా కుడివైపున, పక్కపక్కనే మూడు మెట్లు లేచి చివరి మెట్టు ఎత్తుగా ఉంటే అది సీసం.

ఒక దెబ్బకు గ్రాఫు కాగితం మీద ఒక గడి. గడికి రంగు పెన్సిలు. పొటాషియం పచ్చ, కాల్షియం నీలం, సీసం ఎరుపు. వందల గళ్ళు నింపితే ఏ ధాతువు ఎక్కడ కూర్చుందో బొమ్మ కట్టేది. ఇప్పుడు కంప్యూటర్లే ఆ పని చేస్తాయట. అప్పుడు చెయ్యే.

అలా గళ్ళు నింపుతూ కూర్చునే అమ్మాయే సరోజ. పాండిచ్చేరి దగ్గర బాహూరు పక్క పల్లె. ఎన్నో తరాల కిందట వచ్చి స్థిరపడ్డ తెలుగు రైతుల ఇల్లు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమేనట. వడ్లగింజ పొట్టు మీద, తవుడు పొర మీద ఏ ధాతువు ఎక్కడుంటుందో కనుక్కోవడం ఆమె పరిశోధన. నన్ను అన్నా అని పిలిచేది. నా గోదావరి మాట వింటే ఆమెకు నవ్వు, ఆమె తమిళం కలిసిన తెలుగు వింటే నాకు నవ్వు. ఆ మిషను మీద గురి చూడటం ఆమెకు నేర్పింది నేను. ఏడాది తిరక్కుండా నాకన్నా బాగా కొట్టడం మొదలుపెట్టింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోవాలని చూశాను గానీ నా వల్ల కాలేదు.

ఇక ఆయుధపూజ. మిషను గదిలోకి పూలు, చందనం, కుంకుమ, కర్పూరం ఏవీ రాకూడదని సారు ఆర్డరు వేసి తలుపుకు అంటించాడు. పూజ చేసుకోవాలనుకుంటే వర్క్‌షాపులో చేసుకోండి అన్నాడు. మొదటి ఏడు ఆర్డరు పాటించాను. వారం తిరక్కుండా గాలి తీసే పంపు పాడైంది. విడిభాగం సముద్రం దాటి వచ్చేసరికి నెలలు పట్టింది, అన్నాళ్ళూ సారు నావంకే చూశాడు. నాకు అనుమానం పట్టుకుంది. మా నాన్న బోటు ఇంజనుకు బొట్టు పెట్టనిదే గోదాట్లోకి దిగేవాడు కాదు. ఇంజనుకే కాదు, స్పానరుకు, సుత్తికి, మేకులు లాగే పట్టకారుకు కూడా పెట్టేవాడు. పనిముట్టు అన్నాక ఒక్కటీ వదలకూడదు. అలా పెరిగినవాణ్ణి.

రెండో ఏడు సెలవు రోజు పొద్దున్నే తాళం తీసి లోపలికి వెళ్ళాను. సరోజ పండక్కి ఊరు వెళ్ళింది. మిషను ముందు అరిటాకు పరిచి పనిముట్లన్నీ వరసగా పేర్చాను. స్క్రూడ్రైవర్లు, స్పానర్లు, పొరలు కోసే బ్లేడు, రాగి జల్లెడలు ఎత్తే సన్నమొనల పట్టకారు. చందనం అద్ది ఒక్కోదానికీ కుంకుమ పెట్టాను. పట్టకారుకు మొన దాకా పెట్టాను. మంచి నారింజ ఎరుపు కుంకుమ, మార్కెట్టు దగ్గర కొట్లో పొట్లం కట్టించుకున్నది. మరమరాలు, బెల్లం నైవేద్యం పెట్టాను. అగ్గిపుల్ల మాత్రం గీయలేదు. అంత జాగ్రత్త! విజయదశమి నాడు వెళ్ళి అన్నీ తడిగుడ్డతో తుడిచాను. కంటికి మచ్చ కూడా మిగల్లేదు. తాళాల రిజిస్టరులో ఆ రెండు రోజులకూ గది తెరవలేదని రాశాను.

సెలవులయ్యాక సరోజ కొత్త వడ్లు తెచ్చింది. కడలూరు రోడ్డు పక్క చేలల్లోవి. చెరువు అవతల లోపలి చేలల గింజల్ని పూజకు ముందే ముగించింది, వాటిలో సీసం జాడ లేదు. రోడ్డు పక్క గింజల్లో మొదటి దెబ్బకే మూడు మెట్లు లేచాయి. రెండో దెబ్బకూ లేచాయి. పక్క గడిలో లేవు, ఆ పక్క గడిలో మళ్ళీ లేచాయి. కార్లూ మోటారుసైకిళ్ళూ కాల్చే పెట్రోలులో సీసం కలుపుతారు, ఆ పొగే వచ్చి కంకుల మీద పడిందని ఆమె లెక్క. ఎంత చక్కగా కుదిరింది! లోపలి చేలు శుభ్రం, రోడ్డు పక్క చేలు విషం. ఎరుపు గళ్ళ కాగితం పట్టుకుని వరండాలో పరుగెత్తడం నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టు ఉంది. సారు అంతటివాడు ఆమె వీపు తట్టాడు. పత్రిక్కి పంపడానికి వ్యాసం టైపు కొట్టించారు. దాని మీద సారు పేరు, సరోజ పేరు ఉన్నాయి. నా పేరు లేదు. నాకు గుర్రుగా అనిపించింది. ఆ మాట అప్పుడెవరికీ చెప్పలేదు.

వ్యాసం పంపేముందు సారు, ఆయన అలవాటు కొద్దీ, మిగిలిన గింజల్ని వేరే ఊరి ల్యాబుకు పంపించాడు. వాళ్ళు గింజల్ని మొత్తంగా ఆసిడ్‌లో కరిగించి కొలిచేవాళ్ళు. కొన్ని వారాలకు ఉత్తరం వచ్చింది. చెప్పుకోదగ్గ సీసం లేదని.

ఆ రోజు నుంచి మా ల్యాబు గాలే మారిపోయింది. ఎవరి డ్రాయరుకు వాళ్ళు తాళం. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మూడోవాడు వస్తే మాట ఆగిపోయేది. నేను తాళాల రిజిస్టరు తిరగేశాను. సీసం మొదటిసారి కనపడిన తేదీ చూశాను. విజయదశమి మర్నాడు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక ఒక్కణ్ణే గదిలో కూర్చున్నాను. వట్టి జల్లెడ, దాని మీద ఏమీ లేదు, ఆ పట్టకారుతో ఎత్తి లోపల పెట్టి కొట్టాను. నాలుగో దెబ్బకు మూడు మెట్లు. పర్సులో కుంకుమ పొట్లం ఇంకా ఉంది. రవ్వంత అద్ది మళ్ళీ కొట్టాను. పెన్ను కాగితం అంచు దాటేంత ఎత్తుకు లేచింది. ఆ నారింజ ఎరుపు కోసం కుంకుమలో సీసపు రంగు కలిపారన్నమాట. పట్టకారు మొనల్లో సన్నటి గాట్లు ఉంటాయి, పట్టు కోసం. నా తడిగుడ్డ వాటిలోకి వెళ్ళలేదు. కంటికి కనపడని ధూళిని కూడా ఆ మిషను వదలదని నాకు తెలుసు, ఆమెకు నేర్పిందే నేను. ఆ పట్టకారు ముట్టుకున్న ప్రతి జల్లెడకూ నా బొట్టు అంటింది.

అప్పుడు నేనేం చెయ్యాలి? ఆ కాగితాలు పట్టుకుని సారు గదికి వెళ్ళాలి. పది అడుగుల దూరం. వెళ్ళలేదు. కాగితాలు చింపి జేబులో కుక్కుకున్నాను. పట్టకారును ఆసిడ్‌లో ముంచి, మళ్ళీ ముంచి, నీళ్ళతో కడిగి ఎండబెట్టాను. మిగతా సామాను కూడా కడిగాను. భోజనం చేసినవాళ్ళు తిరిగొచ్చేసరికి అంతా శుభ్రం. ఆ క్షణాన నేను తప్పు సరిదిద్దుతున్నాననే అనుకున్నాను, నిజం. ఇక మీద వచ్చే ఫలితాలు సరిగ్గా ఉంటాయి, పాతవి ఏదో పొరపాటని కొట్టేస్తారు, ఎవరికీ ఏమీ కాదు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? లేక ఇప్పుడు అనుకున్నానని చెప్పుకుంటున్నానా? ఈ ప్రశ్న దగ్గర నేను ఎప్పుడూ ఇరుక్కుంటాను.

మర్నాడు సారు స్వయంగా మిషను ముందు కూర్చున్నాడు. సరోజ చేత ఆయన ఎదుటే రోడ్డు పక్క గింజల్ని కొత్తగా కోయించాడు. కొట్టించాడు. సీసం లేదు. ఆమె పాత జల్లెడల్ని తీయించి కొట్టించాడు. సీసం ఉంది. ఒకే గింజలు, ఒకే మిషను. ఆమె ఒంటరిగా చేసినవాటిలో ఉంది, ఆయన ఎదుట చేసినవాటిలో లేదు. ఇంతకన్నా ఏం రుజువు కావాలి? నేను కడగకపోయి ఉంటే కొత్తవాటిలోనూ సీసం కనపడేది, తప్పు ఎక్కడుందో సాయంత్రానికల్లా వాళ్ళే పట్టుకునేవాళ్ళు. నా శుభ్రమే ఆమెను పట్టించింది.

సారు నన్ను గదికి పిలిచి తమిళంలో అడిగాడు. ఈ ల్యాబులో సీసం ఎక్కడైనా ఉందా అని. ఇదిగో, నోరు తెరిచానన్నది ఇక్కడే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వాళ్ళు రంగు పట్టించడానికి వాడే సీసపు లవణం సీసా ఒకటి ఉంది సార్, సరోజ బల్ల వెనక బీరువాలో ఉంటుంది, అన్నాను. అబద్ధం కాదు. ఆ సీసా ఉంది. ఆ బీరువాలోనే ఉంది. తాళంచెవి ఆమె దగ్గరా ఉంటుంది. సారు తల పంకించాడు. ఇక ఏమీ అడగలేదు.

ఆ సాయంత్రం వాన. సరోజ వరండాలో గోడకు చేరబడి నిలబడి ఉంది. నేను సైకిలు తీయబోతుంటే పిలిచింది. ఆ మాటలు ఈనాటికీ ఒక్క అక్షరం పోకుండా గుర్తున్నాయి.

"అన్నా, ఒక మాట అడుగుతా, సత్తియంగా చెప్పు. నేను ఊరికి పోయిన పొద్దు ఆ రూములోకి ఎవురన్నా పోయినారా?"

"లేదమ్మా. తాళం నా దగ్గరే ఉందిగా. రిజిస్టరు చూసుకో."

"చూస్తిని. యాడ తప్పు జరిగిందో తెలీలేదన్నా. నా చేతి మింద నాకే సందేగం వస్తా ఉండాది. రాత్రంతా అదే యోచన." తర్వాత నుదురు తడుముకుంటూ అంది, "కుంకంలో సీసం ఉంటాదా అన్నా? నా మొగాన్నించి ఏమన్నా రాలిందా ఏంది?"

అంత దగ్గరికి వచ్చేసింది! ఇంకొక్క అడుగు వేస్తే చాలు. అవునమ్మా, ఉంటుంది, అంటే చాలు. ఆమె నుదుటి మీద నెపం పెట్టినా సరే, అది మోసం కాదు, పొరపాటు అవుతుంది, ఆమె బతికిపోతుంది. కానీ కుంకుమ అన్న మాట సారు చెవిన పడితే తర్వాత పూజ అన్న మాట వస్తుంది. పూజ తర్వాత తాళం. తాళం తర్వాత నేను.

"నీది స్టిక్కరు కదా సరోజా," అన్నాను. "స్టిక్కర్లో ఏం ఉంటుంది?"

"అవును గదా," అంది. తల ఊపింది. "ఇంట్లో నాయినకి ఏం చెప్పేదన్నా?"

నేను ఏదో గొణిగాను. అంతా సర్దుకుంటుందిలే, నేను నిన్ను నమ్ముతాను, అలాంటిదేదో. సైకిలెక్కి వాన్లో వెళ్ళిపోయాను.

వారానికి పరిశోధక విద్యార్థుల జాబితాలోంచి ఆమె పేరు తీసేశారు. పరిశోధన రద్దు. గొడవ బయటికి పొక్కకూడదని రాజీనామా రాయించుకున్నారు. ఆ ఏడే నాకు పోస్టు పర్మనెంటు అయింది. కష్టకాలంలో నిజాయితీగా సహకరించానని సారు మెచ్చుకున్నాడు.

ఆ తర్వాత నా బతుకంతా అనుమానమే. పూజనాడు గేటు దగ్గర ఉన్న వాచ్‌మన్ నన్ను చూశాడా? చూస్తే ఎందుకు అడగలేదు? ఊడ్చే ఆవిడకు మూలన మరమరాలు కనపడి ఉంటాయా? ఎవరు ఏ మాటన్నా భుజాలు తడుముకునేవాణ్ణి. సారు రిటైరయ్యే రోజు నా చెయ్యి ఒక క్షణం ఎక్కువసేపు పట్టుకుంటే, ఈయనకు తెలుసు అనుకున్నాను. అందరికన్నా ఎక్కువ అనుమానం నా మీద నాకే. ఉద్యోగం పోతుందనే భయమొక్కటేనా? టైపు కొట్టిన ఆ వ్యాసం మీద నా పేరు లేకపోవడం నా నోరు కట్టేయలేదా? నేను నేర్పిన పిల్ల నన్ను దాటిపోయిందన్న కడుపుమంట బీరువా వైపు నా వేలు తిప్పలేదా? లేదని ఒట్టేసి చెప్పలేను. పూజ చేసినందుకు నాకు సిగ్గు లేదు. అది నాకు తెలిసిన భక్తి. దాన్ని దాచడానికి చేసినదంతా మటుకు నీచం.

ఈమధ్య వీరాంపట్టినం తేరు పండగ రోజున బస్సు దిగుతుంటే ఎవరో భుజం తట్టారు. సరోజ. కాస్త లావెక్కింది. బాహూరులో ఎరువుల కొట్లో బిల్లులు రాస్తోందట. పక్కన ఏడెనిమిదేళ్ళ కూతురు. నేను జనంలో కలిసిపోదామని చూశాను, ఆమె నా చెయ్యి వదల్లేదు. నన్ను చూసి ఆమె మొహం వెలిగిపోయింది, దేవుడా, నిజంగా వెలిగిపోయింది. కూతుర్ని ముందుకు తోసి, "ఈ మామకి దండం పెట్టు పాపా. అందురూ నన్ను దొంగ అన్న పొద్దు, ఈయనొక్కరే నన్ను నమ్మినారు," అంది.

ఆ పిల్ల వంగి నా కాళ్ళకు దండం పెట్టింది. నేను పెట్టించుకున్నాను. తల మీద చెయ్యి వేసి దీవించాను కూడా.

ఇంటికి వచ్చి కలం పట్టాను. ఎన్నో రోజులు పట్టింది ఇంతవరకు రావడానికి. ఇప్పుడు చదువుకుంటే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనపడుతోంది. సరోజ తెలుగు మాట్లాడుతుందే గానీ చదవలేదు. ఆ ఊళ్ళల్లో చాలామందికి తెలుగు అక్షరం రాదు. ఆమెకు తమిళం వచ్చు, ఇంగ్లీషు వచ్చు. నాకూ ఆ రెండూ రాయడం వచ్చు. అయినా ఇదంతా తెలుగులోనే రాశాను. చేయి దానంతటదే ఇటు తిరిగిందని మీతో అనగలను, కానీ నా చేతి సంగతి నాకు తెలుసు. ఇప్పుడు కూడా దాక్కునే రాశాను.

అయినా రాశాను. క్షమించమని అడగను, మీరు క్షమించడానికి ఇది మీ సొత్తు కాదు. రాశాక ఛాతీలో ఏదో కాస్త సడలింది, ఊపిరి కొంచెం లోపలి దాకా వెళ్తోంది. అంతే. మీకు తెలుగు చదవడం వచ్చు కాబట్టి, బాహూరు బస్సులో ఎప్పుడైనా ఎరువుల కొట్టు బిల్లులు రాసే ఆవిడ తారసపడితే, ఈ నాలుగు ముక్కలు పైకి చదివి వినిపించండి. మాట వింటే ఆమెకు అర్థమవుతుంది.

ఆ రోజు గది తెరిచింది నేనే, సరోజా. పట్టకారుకు కుంకుమ పెట్టింది నేను, కడిగేసింది నేను, బీరువా చూపించింది నేను. నిన్ను నేను నమ్మలేదు, నమ్మాల్సిన పనే లేదు. నాకు తెలుసు.